తాయి కార్డు బీరువాలో పెట్టేది కాదు

(నగర్తపేటలో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి మాట్లాడిన మాటలు)

 

నూలు ధర గురించో, రావాల్సిన రిబేటు బాకీల గురించో మాట్లాడమంటారని అనుకుని వచ్చాను. ప్రతి ఏడూ నేను మాట్లాడేది అదే. ఈసారి పెద్దలు "తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి, ప్రభుత్వం వాళ్లు ఇచ్చే సౌకర్యాల గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నేను డాక్టరును కాదు. ఎనిమిదో తరగతి అయినాక మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయంలో మా ఇంట్లో ఒక తప్పు జరిగింది. ఆ తప్పు చేసింది నేనే. ముందు అది చెప్పి, తర్వాత మిగతాది చెప్తాను. మా కోడలిని అడిగి, ఆమె చెప్పమన్నాకే చెప్తున్నాను.

ఏడేళ్ల కిందటి మాట. మా పెద్ద కోడలికి తొలిచూలు. మూడో నెలలోనే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పేరు రాసుకుంది. ఆరోగ్య కేంద్రంలో తాయి కార్డు ఇచ్చారు. నెలనెలా పోయి చూపించుకుని వచ్చేది. ఏడో నెలలో శ్రీమంతం చేసి పుట్టింటికి పంపాలని ముహూర్తం పెట్టుకున్నాం. ముహూర్తానికి నాలుగు రోజుల ముందు పోతే బీపీ ఎక్కువగా ఉందని చెప్పి, మాత్రలు ఇచ్చి, మళ్లీ రావాల్సిన దినం కార్డులో రాసిచ్చారు. ఆ పిల్ల ఇంటికి వచ్చి కార్డు నా చేతికిచ్చింది. నేను కార్యదర్శిని కదా, నాకు కాగితం అంటే భద్రం. సంఘం పాస్ పుస్తకాలు, ఇంటి పన్ను రసీదులు పెట్టే బీరువాలో దాన్ని కూడా పెట్టి తాళం వేశాను. లోపల ఏం రాసి ఉందో విప్పి చూడలేదు.

శ్రీమంతం బాగా జరిగింది. గాజులు వేశాం, ఒడి నింపాం, ధర్మవరం వైపు పోయే రైలు ఎక్కించాం. కార్డు బీరువాలోనే ఉండిపోయింది. మాత్రలు పది రోజులకు అయిపోయాయి. కాళ్లు వాచాయంటే, చూలాలికి మామూలే అన్నారు. తల నొప్పి అంటే, ఎండ అన్నారు. ఒక రాత్రి ఫిట్స్ వచ్చాయి. మన ముసలివాళ్లు గుర్రపువాతం అనేవాళ్లే, అది. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి తెల్లవారుజాము. ముందు బీపీ ఎంత ఉండేది, ఏం మాత్రలు వేసుకునేది అని అడిగితే చెప్పగలిగినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. నాకు ఫోన్ చేశారు. బీరువా తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్‌లో చదివాను. బీపీ నూటయాభై, కింద వంద. దాని పక్కన కన్నడంలో, వారంలోపల తప్పకుండా రావాలి అని ఉంది. ఆ వారం దాటి అప్పటికి నాలుగు వారాలు.

కోడలు బతికింది. బిడ్డ బతకలేదు.

నేను ఏ ఆసుపత్రినీ ఏమీ అనను. రాసివ్వాల్సినవాళ్లు రాసిచ్చారు. చదవాల్సినవాణ్ణి నేను. నూలు బేళ్లు వస్తే బిల్లులో రూపాయి తేడా ఉన్నా పట్టుకుంటాను. ఈ కాగితం మాత్రం చదవలేదు.

అందుకే ఈరోజు మొదటి మాట ఇదే. తాయి కార్డు బీరువాలో పెట్టేది కాదు. చూలాలు ఎక్కడ ఉంటే కార్డు అక్కడ ఉండాలి. ఇంట్లో అత్త గానీ, మామ గానీ, మొగుడు గానీ, ఒకరన్నా ప్రతి నెలా దాన్ని విప్పి చదవాలి. చదవడం రాకుంటే ఇచ్చినామెనే అడగండి, "ఇందులో ఏం రాశావమ్మా, మళ్లీ ఎప్పుడు రావాలి?" అని. ఆ ఒక్క ప్రశ్న నేను అడగలేదు.

మన పేటల్లో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. నగర్తపేట, కబ్బన్‌పేట, గాణిగరపేట, ఎక్కడ చూసినా మన తెలుగువాళ్ల ఇళ్లలో సగం బంధుత్వాలు ధర్మవరం, హిందూపురం, మదనపల్లె వైపే. మూడో నెలలో ఇక్కడ చూపిస్తాం. ఏడో నెలలో అక్కడికి పంపుతాం. కానుపు అక్కడ. మూడో నెలకో అయిదో నెలకో బిడ్డను ఎత్తుకుని మళ్లీ ఇక్కడికి. అంటే ఒక్క కానుపుకు రెండు రాష్ట్రాలు, ఇద్దరు ఆశాలు, రెండు ఆరోగ్య కేంద్రాలు. ఇక్కడి ఆమె, పుట్టింటికి పోయింది కదా, అక్కడ చూసుకుంటారు అనుకుంటుంది. అక్కడి ఆమె, బెంగళూరులో చూపించుకుంటోంది కదా అనుకుంటుంది. నడి మధ్యలో మన పిల్ల ఎవరి లెక్కలోనూ ఉండదు. మగ్గం మీద పోగు తెగితే మనం అక్కడే ఆపి ముడి వేస్తాం కదా. ఇక్కడ తెగిన సంగతే ఎవరికీ తెలియదు.

పుట్టింటికి పంపే ఆచారం మానమని నేను చెప్పను. తొలి కానుపుకు ఆడబిడ్డకు తల్లి దగ్గర ఉండే ధైర్యం వేరు. పంపండి. కానీ నాలుగు పనులు చేసి పంపండి. బస్సో రైలో ఎక్కే ముందు ఒకసారి చూపించుకుని, ప్రయాణం చేయవచ్చా అని అడగండి. కార్డు ఆమె సంచిలో పెట్టండి. కార్డులోని ప్రతి పేజీ ఫోటో తీసి ఇక్కడ ఒక ఫోన్‌లో, అక్కడ ఒక ఫోన్‌లో ఉంచండి. అక్కడ దిగిన వారంలోపల ఆ ఊరి ఆశాకు, నర్సమ్మకు కార్డు చూపించి పేరు రాయించండి. శ్రీమంతం ముహూర్తానికి అంత వెతుకుతాం. ఈ నాలుగు పనులకు ముహూర్తం అక్కరలేదు.

ఎందుకింత పట్టుబట్టి చెప్తున్నానంటే, లెక్కలు చూడండి. 2018-20 ప్రభుత్వ లెక్క ప్రకారం లక్ష కానుపులకు చనిపోయే తల్లులు దేశం మొత్తం మీద 97 మంది. కేరళలో 19. తెలంగాణలో 43, ఆంధ్రలో 45, తమిళనాడులో 54. మన కర్ణాటకలో 69. దక్షిణాది అయిదు రాష్ట్రాల్లో పెద్ద అంకె మనదే. పెద్దపెద్ద ఆసుపత్రులు ఉన్న బెంగళూరు ఉన్న రాష్ట్రం ఇది. మన నగర్తపేట నుంచి మార్కెట్టు దాటి కోట దగ్గరికి పోతే వాణీ విలాస ఆసుపత్రి. మైసూరు మహారాణి పేరు మీద 1935లో మొదలైంది, ఆడవాళ్లకు, పిల్లలకు అని కట్టిందే. టౌన్ హాల్ దగ్గర కార్పొరేషన్ వాళ్ల దాసప్ప ప్రసూతి ఆసుపత్రి ఉంది. నడిచిపోయే దూరంలో ఇంత ఉన్నా మన ఆడవాళ్లు కొందరు నొప్పులు వచ్చేదాకా గడప దాటరు.

ప్రభుత్వ ఆసుపత్రి అంటే మనకు ఒక చులకన ఉంది, ఒక భయం కూడా ఉంది. భయం ఊరికే రాలేదు. 2022 నవంబరులో తుమకూరులో ఒక గర్భిణి నొప్పులతో ప్రభుత్వ ఆసుపత్రికి పోతే తాయి కార్డు లేదు, ఆధార్ లేదు అని చేర్చుకోలేదు. ఇంటికి పోయి కవల పిల్లలను కని, ఆ తల్లీ ఇద్దరు బిడ్డలూ చనిపోయారు. మన మాదిరే పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి బతుకుతున్న మనిషి. ఆ తర్వాతే కాగితాలు లేవని అత్యవసరంలో వచ్చినవాళ్లను వెనక్కి పంపకూడదని ప్రభుత్వం ఆసుపత్రులకు గట్టిగా చెప్పింది. 2024 నవంబరులో బళ్లారిలో సిజేరియన్ అయిన తల్లులు వరసగా చనిపోయారు. ఎక్కించిన సెలైన్ మీద అనుమానం వచ్చి దాని వాడకం ఆపించారు. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. కాబట్టి తప్పంతా మన అజ్ఞానానిదే అని నేను అనను. ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి, మనం అడగాలి. అడగాలంటే మనకు ఏమేమి రావాలో ముందు తెలియాలి.

అవి చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి.

నెల తప్పిందని తెలిసిన వెంటనే, మూడు నెలలు నిండకముందే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించాలి. కార్డు, పరీక్షలు, మాత్రలు అన్నీ ఉచితం. కానుపు లోపల తక్కువంటే నాలుగుసార్లు చూపించుకోవాలి. నాలుగు అనేది తక్కువలో తక్కువ, ఎక్కువైతే ఇంకా మంచిది. ప్రతి నెలా 9వ తేదీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే చూసే దినం. ఇది 2016 నుంచి దేశమంతా ఉంది.

కానుపు ఖర్చు. 2011 నుంచి జననీ శిశు సురక్ష అని కేంద్రం కార్యక్రమం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కానుపైనా, సిజేరియన్ అయినా డబ్బు కట్టనక్కరలేదు. మందులు, రక్తం, పరీక్షలు ఉచితం. మామూలు కానుపుకు మూడు దినాలు, సిజేరియన్‌కు ఏడు దినాలు తల్లికి భోజనం ఆసుపత్రిదే. పుట్టిన బిడ్డకు ఏడాది లోపల జబ్బు చేస్తే ఆ వైద్యమూ ఉచితమే. తీసుకుపోను 108 బండి, కర్ణాటకలో ఇంటికి దించను నగు-మగు బండి. 108 నంబరు ఆంధ్రలోనూ అదే. ఇది మన హక్కు. ఎవరన్నా చేయి చాపితే కర్ణాటకలో 104కు ఫోన్ చేసి చెప్పవచ్చు.

డబ్బు సాయం. మాతృ వందన అనే పథకంలో తొలి కానుపుకు 5,000 రూపాయలు రెండు కంతుల్లో వస్తుంది. రెండోది ఆడబిడ్డ అయితే 6,000. అంగనవాడిలో అడగండి. దానికి బ్యాంకు ఖాతా తల్లి పేరు మీదే ఉండాలి. మన ఇళ్లలో ఖాతాలన్నీ మొగవాళ్ల పేరు మీద ఉంటాయి, అక్కడే ఆగిపోతుంది. పెళ్లయిన వెంటనే కోడలికి ఒక ఖాతా తెరిపించండి.

తిండి. అంగనవాడిలో కర్ణాటకలో 2017 అక్టోబరు 2 నుంచి మాతృపూర్ణ ఉంది, గర్భిణికీ బాలింతకీ ఒక పూట నిండు భోజనం. కొందరు అడిగారు నన్ను, మనం అంగనవాడి కూటికి పోవాలా అని. పోవడంలో నామోషీ ఏముందప్పా? అద్దె ఇంట్లో ఉన్నా, ఆధార్‌లో ఊరి అడ్రసు ఉన్నా, అంగనవాడిలో పేరు రాయమని అడిగే హక్కు మనకుంది.

రక్తం సంగతి. 2019-21 దేశ సర్వేలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తం తక్కువ. మన ఆడవాళ్లు అందరికీ పెట్టి ఆఖరున మిగిలింది తింటారు. దాంట్లో కండెలు చుట్టడం, పడుగు పట్టడం, ఇంటి పని. రక్తం పరీక్షలో హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 7 కంటే తగ్గితే ప్రమాదం. ఐరన్ మాత్రలు కడుపుతో ఉన్నప్పుడు 180 దినాలు, కానుపు తర్వాత 180 దినాలు వేసుకోవాలి. విరేచనం నల్లగా అవుతుందని భయపడి మానేస్తారు. నల్లగానే అవుతుంది, అది మామూలే. మాత్రతో పాటు కాఫీ, టీ తాగవద్దు, మాత్ర ఒంటికి పట్టదు.

ఇవి కనిపిస్తే దినం చూసుకోకుండా, ఎవరి అనుమతీ అడగకుండా ఆసుపత్రికి పోవాలి: ముఖం, చేతులు వాయడం, తల పగిలే నొప్పి, కళ్లు మసకబారడం, రక్తం కనపడడం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, ఫిట్స్, జ్వరం. వీటిలో మొదటి రెండూ మా కోడలికి వచ్చాయి. మేము ఎండ అనుకున్నాం.

బిడ్డ పుట్టాక. ముర్రుపాలు పిండి పారబోయవద్దు, అది బిడ్డకు మొదటి మందు. పుట్టిన గంటలోపల పాలు పట్టాలి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప తేనె వద్దు, చక్కెర నీళ్లు వద్దు, ఆముదం వద్దు. బాలింతకు పత్యం పేరుతో నీళ్లు, ఆకుకూరలు, పప్పు ఆపవద్దు. పాలు రావాలంటే తల్లి తినాలి కదా. మా అమ్మ ఇది వింటే నన్ను కొట్టేది, అయినా చెప్తున్నాను.

టీకాలు. పుట్టినప్పుడు బీసీజీ, పోలియో చుక్కలు, కామెర్ల టీకా. తర్వాత 6 వారాలకు, 10 వారాలకు, 14 వారాలకు. 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా. ఏడాదిన్నరప్పుడు మళ్లీ, అయిదేళ్లు నిండాక మళ్లీ. ఈ 14 వారాల టీకా చూడండి, సరిగ్గా మనం మూడో నెల దాటాక బిడ్డను అత్తగారింటికి తెచ్చే సమయానికి పడుతుంది. అక్కడ తప్పుతుంది, ఇక్కడ వేయించరు. దేశమంతా టీకాల పట్టిక ఒకటే. ఆంధ్రలో మొదలుపెట్టింది ఇక్కడ వేస్తారు, ఇక్కడ మొదలుపెట్టింది అక్కడ వేస్తారు. ఇప్పుడు యూ-విన్ అని ఫోన్ నంబరు మీద లెక్క కూడా ఉంది. ఒకటి తప్పిపోతే మొదటి నుంచి వేయనక్కరలేదు, ఆగినచోట నుంచి వేస్తారు. తప్పిందని సిగ్గుపడి మానేయడమే తప్పు. జ్వరం వస్తుందని భయపడతారు. ఒకటి రెండు దినాలు వస్తుంది, పోతుంది. మా చిన్నప్పుడు మా వీధిలో పోలియోతో కాలు ఈడ్చే పిల్లలు ఉండేవాళ్లు. దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో మన దేశానికి పోలియో పోయిందని సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసిన ఆడవాళ్ల పుణ్యం అది.

ఆఖరుగా మన సంఘాలు చేయాల్సింది. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం 35 లక్షల 22 వేల మంది చేనేత పనివాళ్లు ఉంటే నూటికి 72 మంది ఆడవాళ్లు. చట్టం ప్రకారం ఫ్యాక్టరీలో, పది మంది ఉన్న దుకాణంలో పనిచేసే ఆడవాళ్లకు 26 వారాల జీతంతో ప్రసూతి సెలవు ఉంది. మన ఇంటి మగ్గానికి హాజరు పట్టిక లేదు, సెలవూ లేదు. ఇంట్లో ఆడమనిషి కూర్చుంటే కండెలు ఉండవు, కండెలు లేకుంటే మగ్గం ఆడదు, మగ్గం ఆడకుంటే కూలి రాదు. అందుకే తొమ్మిదో నెలలో కూడా రాట్నం ముందు కూర్చుంటుంది. డాక్టరు రెస్టు అని రాస్తే ఎవరు ఇస్తారమ్మా రెస్టు?

మా సంఘంలో కొన్నాళ్లుగా ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. ఎనిమిదో నెల నుంచి కానుపైన మూడు నెలల దాకా ఆ ఇంటికి చీరల లెక్క అడగం. కూలి మీద కొంత అడ్వాన్సు ఇస్తాం, తర్వాత నిదానంగా పట్టుకుంటాం. కండెలు వేరే ఇంట్లో చుట్టించి ఇస్తాం. ఇద్దరు ఆడవాళ్ల దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఎవరికి ఎన్నో నెల, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి, పుట్టింటికి పోతే ఏ ఊరు, అక్కడ ఎవరి ఫోన్, అంతే రాస్తారు. ఆ పుస్తకం నా దగ్గర ఉండదు, నేను అడగను, అది ఆడవాళ్ల సంగతి. తేదీ దగ్గరికి వస్తే వాళ్లే ఫోన్ చేస్తారు, తోడు లేకుంటే వాళ్లే వెంట పోతారు. సంఘానికి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. రిబేటు రాకున్నా చేయగలిగే పని ఇది.

నా విన్నపం ఏమంటే, సమాఖ్యలో ఉన్న ప్రతి సంఘమూ ఇలాంటి పుస్తకం ఒకటి పెట్టాలి. ధర్మవరం, హిందూపురం సంఘాల వాళ్లు కూడా ఇక్కడ కూర్చున్నారు కదా. మా పిల్ల మీ ఊరికి వస్తే మేము మీకు ఫోన్ చేస్తాం. మీ పిల్ల మా పేటకు వస్తే మీరు మాకు చేయండి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఎప్పుడు మాట్లాడుకుంటాయో నాకు తెలియదు. మనం మాట్లాడుకోవడానికి ఎవరి ఆర్డరూ అక్కరలేదు.

మా కోడలికి తర్వాత మళ్లీ నిలిచింది. ఆసారి నెలనెలా నేనే వెంట పోయాను. కార్డు నేనే చదివాను, అర్థం కానిది అడిగాను. నర్సమ్మ నవ్వింది, "ఏం మామా, మీకేనా కానుపు?" అని. ఇప్పుడు మనవరాలికి నాలుగేళ్లు, అంగనవాడికి పోతుంది. అదిగో, మూడో వరసలో నిద్రపోతోంది.

ఇంటికి పోయి ఈ రాత్రే ఒక పని చేయండి. మీ ఇంట్లో కడుపుతో ఉన్న ఆడబిడ్డ గానీ, ఏడాది లోపు బిడ్డ గానీ ఉంటే, కార్డు ఎక్కడుందో వెతకండి. తీసి చదవండి. ఆఖరున రాసిన తేదీ దాటిపోయి ఉంటే రేపు పొద్దున్నే పోండి.